చెరుకు నరకకముందు కొలిచిన హద్దు

సర్వే పనిలో ముప్పై నాలుగేళ్ళున్నాను. ఏ ఏడు ఏ మెట్టు ఎక్కానో, ఎవరు ఎక్కనివ్వకుండా కాలు పట్టుకు లాగారో ఇక్కడ రాయబోవడం లేదు. ఆ గొడవంతా మా ఆవిడ వినీ వినీ విసిగిపోయింది, ఆవిడకి పడిన శిక్ష మీకెందుకు? ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు మా ఇంటికి వస్తున్నారు. ఆడపిల్లలు కూడా వస్తున్నారు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. వాళ్ళ చేతుల్లో కర్రకి తగిలించిన యంత్రం ఒకటుంటుంది. అది ఆకాశంలో ఉపగ్రహాన్ని అడిగి హద్దు ఎక్కడో చెప్పేస్తుందట. మేం అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ముసలివాళ్ళని అడిగేవాళ్ళం. ఆ ముసలివాళ్ళ వల్ల మీకేం ఒరిగిందని ఒక పిల్ల అడిగితే ఆ పూట సరిగా చెప్పలేకపోయాను. కూర్చుని రాస్తే వస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను.

నాకిప్పుడు ఎనభై దాటాయి. ముసలితనం గురించి నాకు తెలిసినదంతా ఇరవయ్యారేళ్ళప్పుడే, నేను చేసిన ఒక తప్పు వల్ల తెలిసింది. అది వంటబట్టడానికి మాత్రం ఇంకో ముప్పై అయిదేళ్ళు పట్టింది.

ఖాదర్ సాయిబు

అరవైల్లో మా దగ్గరున్నది ఇనప గొలుసు. వంద లింకులు, మొత్తం అరవయ్యారు అడుగులు, రెండు చివరలా ఇత్తడి పిడులు. ఈ గొలుసుకొక గుణముంది. వాడగా వాడగా పొడుగు పెరుగుతుంది. లింకుకీ లింకుకీ మధ్యన ఉండే చిన్న ఉంగరాలు లాగుడికి సాగుతాయి, రాపిడికి అరుగుతాయి. ఒక్కొక్కచోట వెంట్రుకవాసే. వంద చోట్ల కలిపితే అంగుళం, ఒక్కోసారి రెండంగుళాలు. అందుకని మా ఆఫీసు ఆవరణలో నేలలోకి రెండు రాళ్ళు పాతి, వాటిమీద గీతలు చెక్కించారు. ఆ గీతల మధ్య దూరం సరిగ్గా అరవయ్యారు అడుగులు. పొద్దున్నే గొలుసుని వాటిమీద పరిచి చూసుకుని, పెరిగితే ఉంగరాల్ని సుత్తితో నొక్కి సరిచేసుకుని, అప్పుడు పొలానికి బయల్దేరాలి.

ఆ నియమం నా పుస్తకంలో ఉండేది. పాటించేది మాత్రం మా చైన్‌మేన్ ఖాదర్ సాయిబు. గొలుసు లాగే మనిషిని చైన్‌మేన్ అనేవాళ్ళం. అప్పటికే ఆయనకి యాభై దాటాయి. సన్నగా, నల్లగా, ఎండలో ఎండిన కర్రపెండలంలా ఉండేవాడు. నేను ఆయన్ని "ఖాదర్" అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను "బాబూ" అనేవాడు. తండ్రి వయసున్న మనిషిని అలా పిలిచినందుకు ఇప్పుడు సిగ్గేస్తుంది. కానీ అప్పట్లో అది ఉద్యోగంతోపాటు వచ్చిన పొగరు, చొక్కాతోపాటు వచ్చిన గుండీల్లాంటిది.

నాకు పని నేర్పింది ఆయనే. తగువు ఉన్న ఊరికి వెళ్తే ఒకరింట్లో మజ్జిగ తాగకూడదనేవాడు. "తాగితే రెండిళ్ళల్లోనూ తాగాల బాబూ. నేదంటే కాలవ నీళ్ళు తాగి గమ్మునుండాల." ఇంకో మాట కూడా చెప్పాడు. పొలం దగ్గర చేరిన జనంలో గట్టిగా అరిచేవాణ్ణి చూడొద్దు, రానివాడెవడో చూడు అన్నాడు. ఈ రెండు మాటలూ నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇవి రాసిపెట్టుకోండి.

నెత్తిన మన్ను

బుచ్చయ్యపేట వైపు ఒక ఊరు. పేరు రాయను, వాళ్ళ మనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఆ ఊళ్ళో గంగులు అనే రైతుకీ, పైడమ్మ అనే విధవరాలికీ పొలాలు పక్కపక్కనే. గంగులుది వరి, పైడమ్మది చెరుకు. రెంటి మధ్యా పాతిన హద్దురాయి కనబడకుండా పోయింది. దొంగతనం అనుకోకండి. వరదకి బయటపడితే ఎవరో తీసుకుపోయి ఇంటి మెట్టుకి వేసుకున్నారు. ఎవరి ఇంటి మెట్టో ఊరందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. రాయి పోయిన కొన్నేళ్ళకి గట్టు కూడా కరిగిపోయింది. ఇద్దరూ దరఖాస్తు పెట్టుకున్నారు, నన్ను పంపారు.

ఆ చుట్టుపక్కల హద్దు తగువు వస్తే ముందు పిలిచేది సింహాద్రినాయుడు గారిని. డెబ్బై అయిదు దాటిన మనిషి. ఆయన కుర్రతనంలో ఆ ఊరికి పెద్ద సర్వే జరిగినప్పుడు రాళ్ళు పాతే కూలికి వెళ్ళాడట. అప్పటినుంచీ ఏ రాయి ఎక్కడుందో ఆయన నోటిమీదే ఉండేది. ఎద్దులు కొనాలన్నా, నుయ్యి తవ్వాలన్నా, పెళ్ళి సంబంధం చూడాలన్నా "ఓసారి నాయుడు తాతనడుగుదాం" అనేవారు. ఇంటిముందు ఆయన మంచం పక్కన ఎప్పుడూ ఒకరో ఇద్దరో కూర్చుని ఉండేవారు.

ఆ ప్రాంతంలో పాత ఆనవాయితీ ఒకటుంది. హద్దు చూపించే పెద్దమనిషి ఆ పొలంలోని మట్టిగడ్డ ఒకటి తీసి నెత్తిమీద పెట్టుకుని, దానిమీద తువ్వాలు చుట్టుకుని, చెప్పుల్లేకుండా ఆ హద్దు వెంట నడవాలి. అబద్ధం నడిస్తే ఆ మన్ను వంశాన్ని తింటుందని నమ్మకం. అందుకని ఆ గడ్డ నెత్తికెత్తుకునే ధైర్యం అందరికీ ఉండదు. నాయుడు గారు నా కళ్ళముందే గడ్డ పెట్టుకుని, గట్టు ఉండాల్సినచోట నెమ్మదిగా నడిచి, ఒకచోట ఆగి మడమతో నేల నొక్కాడు.

"ఇదిగో బాబూ. ఇక్కడే. ఆ రోజు గునపం పట్టిందీ నానే."

నేను నవ్వాను. పైకి కాదు, లోపల. మడమతో హద్దులు తేలితే నాకు జీతమెందుకని.

ఆ పూట నేను చేసిన పని చెప్తాను. వరి కోతలు అయిపోయాయి, చెరుకు నరుకుడు ఇంకా మొదలవలేదు. గంగులు వైపు మడులు ఖాళీ. పైడమ్మ వైపు చెరుకు నిలువెత్తు దాటి, పడిపోకుండా జడలు చుట్టి దడిలా ఉంది. పోయిన రాయి జాగా తేల్చాలంటే రెండువైపుల నుంచీ కొలవాలి. ఇటు మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసేచోట ఒక రాయి ఉంది, దానినుంచి ఒక కొలత. అటు చెరుకు అవతల ఇంకో రాయి ఉంది, దానినుంచి ఒక కొలత. రెండూ ఒకచోట కలవాలి. చెరుకులోంచి గొలుసు లాగడం కుదరదు. నరికేదాకా ఆగి రావాలి. మా చెరుకు నేలల్లో సర్వేయరుకి అదే పంచాంగం. నేను ఆగలేదు. ఒకవైపు నుంచే కొలిచేశాను.

అది ఒకటో తప్పు. రెండోది పొద్దున్నే అయిపోయింది. అంతకుముందు వారమంతా సబ్బవరం వైపు రాళ్ళ మెట్టల్లో గొలుసు ఈడ్చి ఉన్నాం. బస్సు కదిలే వేళకి ఖాదర్ సాయిబు గొలుసు భుజాన వేసుకుని ఇంకా ఆఫీసు రాళ్ళ వైపే చూస్తున్నాడు.

"బాబూ, గొలుసు రాళ్ళమీద వెయ్యలేదు."

"వచ్చాక వేద్దువుగాని. బస్సు పోతే మళ్ళీ మధ్యాహ్నందాకా లేదు."

"జల్దీ కా కామ్ షైతాన్ కా, తొందర పని సైతాను పని అనేవోడు బాబూ మా నాయన."

"మీ నాయన బస్సెక్కి ఉండడులే" అన్నాను. కండక్టరు కూడా నవ్వాడు. ఆ జోకు తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

పద్నాలుగు గొలుసుల దూరం కొలిచాను. నా లెక్కకి రాయి జాగా నాయుడు గారి మడమ గుర్తుకి రెండున్నర అడుగులు అవతల తేలింది, పైడమ్మ చెరుకులోకి. అంటే ఆవిడకి ఒక వరస చెరుకు పోయింది. ఆవిడ నాయుడు గారి వైపు చూసింది. గంగులు మాత్రం అందరికీ వినబడేలా అన్నాడు.

"ముసిలోడికి మతి పోనాది బాబూ. మీరు రాయి పాతీండి."

నాయుడు గారు నెత్తిమీద గడ్డ ఇంకా దించలేదు. నా గొలుసు వైపు, తన కాలి గుర్తు వైపు రెండుమూడుసార్లు చూశాడు. "గొలుసెందుకు అబద్దమాడతాది" అని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. ఖాదర్ సాయిబు తలొంచుకుని గొలుసు చుడుతున్నాడు. నేను రాయి పాతించి, సంతకాలు పెట్టించుకుని మధ్యాహ్నం బస్సుకి వచ్చేశాను.

ఎవరూ అడగని మనిషి

పదిహేను రోజులు గడిచాయి. మధ్యలో నేను గొలుసు మార్చాను. ఆఫీసులో ఇంకో కొత్తది ఉంటే అది పట్టుకెళ్ళాం. పాతది గోడకి వేలాడుతూ ఉండిపోయింది. ఒకరోజు ఖాదర్ సాయిబు దాన్ని దించి, నన్ను పిలవకుండా, ఒక్కడే రాళ్ళమీద పరిచాడు. తర్వాత వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"రెండంగుళాల పైన పెరిగున్నాది బాబూ."

లెక్క కట్టడానికి కాగితం అక్కర్లేదు. గొలుసుకి రెండంగుళాల పైచిలుకు చొప్పున పద్నాలుగు గొలుసులు. సుమారు రెండున్నర అడుగులు. ముసలాయన మడమ ఎక్కడుందో అక్కడికే వస్తుంది.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో దాచను. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు కదా అనుకున్నాను. ఖాదర్ సాయిబుకి నా మొహంలో అది కనిపించి ఉండాలి. ఆయన కూర్చోమంటే కూర్చోలేదు, నిలబడే చెప్పాడు. ఆయన తమ్ముడు ఊళ్ళవెంట తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. రెండురోజుల క్రితం ఆ ఊరు వెళ్ళొచ్చాడట.

"నాయుడు గారి దగ్గరికి ఎవులూ వెళ్ళటం నేదంట బాబూ. నుయ్యి తవ్వటానికి జాగా సూసుకున్నారంట, ఆయన్నడగలేదంట. ఆయన పాడిగేదె సచ్చిపోనాదంట. నెత్తిన మన్నెట్టుకుని అబద్దం నడిస్తే ఊరికే పోతాదేటి అంటన్నారంట. మంచోళ్ళు మతి పోనాదంటన్నారు, సెడ్డోళ్ళు అబద్దమంటన్నారు. అంతే తేడా."

"మరి ఆయనేమంటున్నాడు?"

"ఆయనేటి అంటాడు? గోడకేసి తిరిగి పడుకుని పొలాల పేర్లు వల్లించుకుంటన్నాడంట. ఒక పేరు తప్పితే మళ్ళీ మొదట్నించి. నా తమ్ముడు గిన్నె ఇవ్వటానికి వెళ్ళి విన్నాడు."

ఆ మాట విన్నాక బల్లమీద ఉన్న కాగితాలు నాకు కనబడలేదు. ఒక చెరుకు వరస పోతే కోర్టున్నది, అప్పీలున్నది. తన బుర్రనే తను నమ్మలేక, గోడవైపు తిరిగి పాఠం అప్పజెప్పుకుంటున్న మనిషికి ఏ అప్పీలుంది? నాకు ఏడుపొచ్చింది. ఖాదర్ సాయిబు ముందే ఏడ్చాను.

ఆ సాయంత్రమే మా సర్వే ఇన్‌స్పెక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పరమ కోపిష్టి. నలుగురిలో ఫైలు మొహాన కొట్టేవాడు, ఆ పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ ఆరోజు అరవలేదు. మొత్తం విని, "గొలుసు చూసుకున్నావా?" అన్నాడు. లేదన్నాను. "అటువైపు నుంచి కొలిచావా?" లేదన్నాను.

"రాసివ్వు. నీ రికార్డులో మచ్చ పడుతుంది, పడనీ. కాగితం నేను దిద్దిస్తాను. చెరుకు నరికాక వెళ్ళి రెండువైపులా కొలు."

సరేనని లేవబోతుంటే మళ్ళీ పిలిచాడు.

"కొలవడానికి రెండు నెలలు పడుతుందిరా. ఆ ముసలాడు అందాకా ఉంటాడని నీకెవరు చెప్పారు? కొలత తర్వాత. మాట రేపే చెప్పిరా."

ఆ మాట చెప్పినందుకు ఆయన విసిరిన ఫైళ్ళన్నీ మాఫీ చేశాను.

మాట

మర్నాడు పొద్దున్న బస్సుకే వెళ్ళాం. ఖాదర్ సాయిబు పాత గొలుసు, కొత్త గొలుసు రెండూ పట్టుకొచ్చాడు. ఎందుకో నాకు దారిలో అర్థంకాలేదు. ఊరి బడి వరండాలో కరణం గారూ, మునసబు గారూ, గంగులూ, పైడమ్మా, ఇంకో ముప్పై మందీ చేరాక, ఖాదర్ సాయిబు రెండు గొలుసుల్నీ బడి ముందు నేలమీద ఒక చివర కలిపి మేకు కొట్టి పక్కపక్కన పరిచాడు. అవతలి చివర పాతది కొత్తదాన్ని దాటిపోయింది. బెత్తెడు కూడా లేని ఆ ముక్కని చూడ్డానికి ఊరంతా వంగింది.

నేను చెప్పవలసింది చెప్పాను. గొలుసు చూసుకోకుండా వచ్చానని, ఒకవైపు నుంచే కొలిచానని, తప్పు నాదని, నాయుడు గారిది కాదని. ప్రభుత్వోద్యోగి తప్పయిందని నలుగురిలో అనడం వాళ్ళెప్పుడూ చూసి ఉండరు, నేనూ చూడలేదు.

గంగులు ఊరుకోలేదు. "గొలుసు పెరిగితే నానేటి సేసీది? రాయి పాతీసేరు. సెరుకు కోతలయ్యాక కొల్లండి, అప్పుడు సూద్దాం." అది న్యాయమే. సరేనన్నాను.

అక్కణ్ణుంచి నాయుడు గారింటికి వెళ్ళాను. మంచం ఇంటిముందు లేదు, లోపల వేసి ఉంది. ఆయన గోడవైపే తిరిగి ఉన్నాడు. కోడలు "మామా, సర్వేరు బాబొచ్చేడు" అంటే తిరిగాడు. నేను నేలమీద కూర్చుని మొత్తం మళ్ళీ చెప్పాను. క్షమించమన్నాను. ఆయన నా క్షమాపణ విన్నట్టే లేడు. లేచి కూర్చుని ఒక్కటే అడిగాడు.

"అయితే బాబూ, నా మతి పోనేదా?"

"పోలేదు తాతా. నా గొలుసే పోయింది."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కోడలు గుమ్మం దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. కాసేపటికి చేతులు తీసి, "ఒసే, ఈ బాబుకి మజ్జిగియ్యి" అన్నాడు. నేను ఖాదర్ సాయిబు వైపు చూశాను. పర్లేదని తలూపాడు. ఆ మజ్జిగ తాగాను. ఉప్పు ఎక్కువైంది, అయినా చెంబు ఖాళీ చేశాను.

నా వంతు

కోతలయ్యాక ఏమైందో చెప్పేముందు నా సంగతి కొంచెం చెప్పుకోనివ్వండి.

నేను రిటైరైన మొదటి ఏడాది మా ఇంట్లోవాళ్ళకి నరకం చూపించాను. గోడలు వంకర, గుమ్మం వంకర, పక్కింటివాడి ప్రహరీ ఆరంగుళాలు మనలోకి వచ్చింది అంటూ పొద్దస్తమానం నస. మా ఆవిడ ఓర్పు కలదే గానీ నోరు లేనిది కాదు. "ఇల్లంతా కొలిచీసేరు. ఇంక నన్నొక్కదాన్నే కొలవనేదు. అదీ కానిచ్చీండి" అంది. నవ్వొచ్చింది గానీ, లోపల అసలు బాధ ఏమిటో నాకు తెలుసు. నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు. ముప్పై నాలుగేళ్ళు అడిగించుకున్న మనిషికి అది మందు మానేసినట్టే ఉంటుంది.

ఖాదర్ సాయిబు నాకంటే తెలివైనవాడు. ఆయన ఎప్పుడో ముందే రిటైరై, మర్నాటి నుంచే తమ్ముడి దగ్గర కొలిమి తిత్తి ఊదడానికి కూర్చున్నాడు. నేను వెళ్తే "ఇక్కడ హద్దుల్లేవు బాబూ. గిన్ని తెల్లగొచ్చిందంటే ఇటోడికీ ఆనందమే, అటోడికీ ఆనందమే" అనేవాడు. బతికినన్నాళ్ళూ సంతోషంగానే బతికాడు. ఆఖరి రోజుల్లో నేను ఆయన్ని "అన్నా" అని పిలిచాను. ఆయన నవ్వి, "ఇప్పుడొచ్చిందేటి బాబూ బస్సు" అన్నాడు. ఆ మాత్రమైనా పిలవగలిగాను, అదృష్టం.

నాకు మాత్రం ఇంకో దెబ్బ తగిలితే గాని బుద్ధి రాలేదు. రిటైరైన మూడో ఏడో నాలుగో ఏడో, కె. కోటపాడు నుంచి ఒక రైతు వచ్చి, ఫలానా గట్టు పాత కొలత మీకు గుర్తుందా అని అడిగాడు. ఎన్నాళ్ళకో ఒకడు అడిగాడు కదా అని గుండె పొంగింది. నిజానికి నాకు గుర్తులేదు. లేదంటే ముసలాడైపోయాడు అనుకుంటాడేమోనని, గుర్తున్నట్టే ఠపీమని చెప్పాను. కొత్త సర్వేయరు వెళ్ళి కొలిస్తే నాది తప్పని తేలింది. ఆ రైతు మళ్ళీ రాలేదు. నన్ను ఏమీ అనలేదు కూడా, అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజు నాయుడు గారు నాకు చాలా గట్టిగా జ్ఞాపకం వచ్చారు.

అప్పటినుంచీ తెలిసినది చెప్తున్నాను, తెలియనిది తెలియదంటున్నాను. విచిత్రమేమిటంటే అప్పటినుంచే జనం రావడం ఎక్కువైంది. పాత కాగితాలు పట్టుకొస్తారు, చదివిపెడతాను. కోర్టుకి పోకుండా ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. పేర్లు మరిచిపోతున్నాను, మొన్న మా వియ్యంకుడి పేరే తట్టలేదు. అయినా రోజు బరువుగా లేదు. పొద్దున్న లేస్తే ఎవరో ఒకరికి నాతో పని ఉంటుంది. ఇంత దక్కుతుందని నేననుకోలేదు. దేవుడికి కొంతా, ఆ ముసలాయనకి చాలా బాకీ ఉన్నాను.

కోతలయ్యాక

పైడమ్మ చెరుకు నరికి, ఆకు తగలబెట్టిన రెండోరోజు వెళ్ళాం. గొలుసు పొద్దున్నే రాళ్ళమీద వేసి చూశాం. ఈసారి బస్సు తప్పిపోయింది, ఎడ్లబండి కట్టించుకుని ఎండలో చేరాం. రెండువైపుల నుంచీ కొలిచాను. ఇటునుంచి వచ్చిన గుర్తూ, అటునుంచి వచ్చిన గుర్తూ వేలెడు తేడాలో కలిశాయి. అక్కడ మడమ ముద్ర ఎప్పుడో చెరిగిపోయింది గాని, ఆ జాగా ఊళ్ళో ప్రతివాడికీ గుర్తుంది. గంగులు తనే గునపం తెచ్చి, నేను తప్పుగా పాతిన రాయి పెకలించి ఇక్కడికి మోసుకొచ్చాడు.

నాయుడు గారు అందరి మధ్యలో కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. ఆ పూట ఆయనకి మళ్ళీ ఊరు వచ్చింది. ఒకడు తాతా అంటాడు, ఒకడు పెదనాన్నా అంటాడు, నీడలోకి రమ్మంటాడు ఇంకొకడు. పండగలా ఉంది. అప్పుడే పైడమ్మ అడిగింది.

"తాతా, అటేపు కొసన కాలవ గట్టుకాడ ఇంకో రాయి ఉండాల. అదీ నేదు. అదెక్కడో కూడా సూపించీ, ఒక్కపాలే అయిపోతాది."

జనమంతా ఆయనతోపాటు కాలవ గట్టుకి నడిచారు. ఎవరో మట్టిగడ్డ ఏరి ఆయన చేతికిచ్చారు. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని అటు చూశాడు, ఇటు చూశాడు. కొంత నడిచాడు. వెనక్కొచ్చాడు. ఇప్పుడాయన ఎక్కడ మడమ నొక్కినా ఊరు నమ్ముతుంది, నేనూ కాదనలేను. పదిహేను రోజులు గోడవైపు తిరిగి పడుకున్న మనిషికి ఇంతకంటే కావలసింది ఏముంటుంది?

ఆయన గడ్డని నెత్తికెత్తుకోలేదు. వంగి, ఎక్కడినుంచి తీశారో అక్కడే నేలమీద పెట్టేసి, చేతులు దులుపుకున్నాడు.

"ఇది నాకు తెల్దు."

పైడమ్మ "ఆలోసించు తాతా" అంది.

"ఆలోసించేనమ్మా. రాళ్ళు పాతిన ఆ పొద్దు నాను ఇటేపు రానేదు. వచ్చేనేమో, గేపకం నేదు. నేని గేపకం నెత్తికెత్తుకోను."

నేను గంగులు మొహం వైపు చూశాను. రెండు నెలల క్రితం ఇదే ముసలాయనకి మతి పోయిందని ఊరందరి ముందూ అన్నది ఆ నోరే. ఈసారి అనడానికి సాక్ష్యం కూడా దొరికింది, తెలియదని ఆయనే చెప్పాడు. గంగులు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఖాదర్ సాయిబు చేతిలోంచి గొలుసు పిడి తనే అందుకుని నా వైపు తిరిగాడు.

"తాతకే తెల్దంటే ఈ ఊళ్ళో ఎవులికీ తెల్దు. కొల్లండి బాబూ."